/21 అంటే 255.255.248.0 ఎలా అయింది: నెట్‌వర్క్ అడ్రసుల రాతలను మార్చే చిన్న స్క్రిప్టు

తాడిపత్రిలో బండల ఫ్యాక్టరీ, కడపలో ఆఫీసు, కర్నూలులో గోడౌను ఉన్న ఒక వ్యాపారం అనుకుందాం. మూడు చోట్లా ఉన్న కంప్యూటర్లు, ప్రింటర్లు, కెమెరాలు ఒకే ప్రైవేటు నెట్‌వర్కులో మాట్లాడుకోవాలి. తాడిపత్రికి 10.20.40.0 నుంచి 10.20.47.255 దాకా అడ్రసులు ఇచ్చారు. ఈ ఒక్క సంగతిని తాడిపత్రిలోని మైక్రోటిక్ రౌటరుకు చెప్పాలంటే 10.20.40.0/21 అని రాయాలి. కర్నూలులోని సిస్కో రౌటరులో స్టాటిక్ రూటు (చేత్తో రాసిపెట్టే దారి) వేసేటప్పుడు 10.20.40.0 255.255.248.0 అనాలి. అదే సిస్కో పెట్టెలో యాక్సెస్ లిస్టుకు (ఎవరిని వెళ్లనివ్వాలో, ఎవరిని ఆపాలో చెప్పే జాబితా) వస్తే 10.20.40.0 0.0.7.255 కావాలి. కడపలోని ఫైర్‌వాల్ స్క్రీను మొదటి అడ్రసు ఒక గడిలో, చివరి అడ్రసు ఇంకో గడిలో అడగొచ్చు.

ఎకరంన్నర అన్నా, నూటయాభై సెంట్లన్నా, 7,260 గజాలన్నా పొలం మారదు. ఇక్కడా అంతే. నాలుగు రాతలూ చెప్పేది ఒకే కొలత: ఈ ముక్కలో ఎన్ని అడ్రసులున్నాయి అని. ఆ కొలత పట్టుకుంటే ఒక రాతనుంచి ఇంకో రాతలోకి మార్చడం రెండు మూడు తీసివేతల పని. స్క్రిప్టులో అసలు కష్టం లెక్కలో లేదు. చేతికొచ్చిన రాత ఏ రకమో తేల్చుకోవడంలో, తప్పుడు రాతను లోపలికి రానివ్వకపోవడంలో ఉంది. ఈ వ్యాసంలో ఎక్కువ చోటు దానికే.

ఇన్ని రాతలు ఎందుకొచ్చాయంటే

1981లో ఆర్‌ఎఫ్‌సీ 791 (ఆర్‌ఎఫ్‌సీలంటే ఇంటర్నెట్ పద్ధతులు చెప్పే పత్రాలు) వచ్చినప్పుడు మాస్కు, అంటే అడ్రసులో ఎంత భాగం నెట్‌వర్కుదో చెప్పే సంఖ్య, రాసే పనే లేదు. అడ్రసు మొదటి సంఖ్య చూసి అది ఎ, బి, సి క్లాసుల్లో ఏదో తేల్చేవారు, నెట్‌వర్క్ ఎంత పెద్దదో దాన్ని బట్టే తెలిసేది. 1985లో ఆర్‌ఎఫ్‌సీ 950 సబ్‌నెట్ మాస్కును తెచ్చింది. 1993లో క్లాసులను పక్కనబెట్టి సైడర్ పద్ధతి వచ్చింది, స్లాష్ రాత దానితో స్థిరపడింది. సిస్కో యాక్సెస్ లిస్టులు, ఓఎస్‌పీఎఫ్ (రౌటర్లు దారులను ఒకదానికొకటి చెప్పుకునే పద్ధతి) నెట్‌వర్క్ లైన్లు మాత్రం మాస్కును తిరగేసిన వైల్డ్‌కార్డును వాడుతూ వచ్చాయి. పాత రాతలు ఏవీ పోలేదు, కొత్తవి వాటి పక్కన చేరాయి.

క్లాసుల కాలం నీడ ఇంకా ఉంది. విండోస్‌లో పాత తరహా ఐపీ సెట్టింగుల డబ్బాలో 10.20.45.200 కొట్టి కింది గడిలోకి వెళ్తే మాస్కు దానంతటదే 255.0.0.0 అని పడుతుంది. 10తో మొదలైంది కాబట్టి ఎ క్లాసు అని దాని లెక్క. అలాగే వదిలేసి ఓకే నొక్కితే ఏమవుతుందో కింద చూద్దాం. విండోస్ 10 కొత్త సెట్టింగుల పేజీ దీనికి పూర్తిగా తిరగబడింది. అక్కడ ప్రిఫిక్స్ పొడవు అని అడుగుతారు, 24 అనో 21 అనో సంఖ్య ఇవ్వాలి. అలవాటుగా 255.255.255.0 కొడితే సేవ్ కాదు.

లెక్క

ఐపీవీ4 అడ్రసు 32 బిట్ల ఒక్క సంఖ్య. చుక్కలు మన కళ్ల కోసం. /21 అంటే మొదటి 21 బిట్లు నెట్‌వర్కువి, మిగిలిన 11 బిట్లు లోపలి మెషిన్లవి. కాబట్టి ముక్క సైజు 2 పవర్ 11, అంటే 2,048 అడ్రసులు. మాస్కు అంటే 2 పవర్ 32 నుంచి ఈ సైజు తీసేయగా మిగిలింది. వైల్డ్‌కార్డు అంటే సైజులో ఒకటి తక్కువ. బిట్లను జరపడం, తిరగేయడం అనే మాటే లేకుండా పని అయిపోయింది.

పైథాన్ 3 వేరియబుల్ పేర్లను తెలుగు లిపిలో కూడా ఒప్పుకుంటుంది. కింది లైన్లలో కీలకపదాలు ఏవీ లేవు కనుక వీటిని పైథాన్ ప్రాంప్టు దగ్గర ఉన్నవి ఉన్నట్టే కొట్టొచ్చు.

ప్రిఫిక్స్ = 21
సైజు = 2 ** (32 - ప్రిఫిక్స్)
మాస్కు = 2 ** 32 - సైజు
వైల్డ్ = సైజు - 1
(మాస్కు >> 24, (మాస్కు >> 16) & 255, (మాస్కు >> 8) & 255, మాస్కు & 255)

చివరి లైను మాస్కును చూపించడానికి నాలుగు సంఖ్యలుగా విడదీస్తుంది, బిట్లు జరపడం అక్కడ మాత్రమే. దానికి జవాబుగా (255, 255, 248, 0) వస్తుంది. అదే లైనులో మాస్కు ఉన్నచోట వైల్డ్ అని పెడితే (0, 0, 7, 255). ఇక్కడ చిన్న జాగ్రత్త. తెలుగు కీబోర్డులు కొన్ని పొల్లు తర్వాత కంటికి కనపడని ఒక అక్షరాన్ని చేరుస్తాయి. నెట్ అనే పేరు రాస్తే ఫరవాలేదు, నెట్‌వర్క్ అని రాస్తే మధ్యలో అది దూరుతుంది, పైథాన్ సింటాక్స్ ఎర్రర్ ఇస్తుంది. పేర్లు పొట్టిగా పెట్టుకోవడం మేలు.

అడ్రసును సంఖ్యగా మార్చడానికి 256తో గుణిస్తూ పోవడమే:

అడ్రసు = ((10 * 256 + 20) * 256 + 45) * 256 + 200
మొదలు = అడ్రసు - అడ్రసు % సైజు
ఆఖరు = మొదలు + సైజు - 1

అడ్రసు విలువ 16,90,94,600. దాన్ని 2,048తో భాగిస్తే శేషం 1,480. ఆ శేషం తీసేస్తే 16,90,93,120, అంటే 10.20.40.0. ఆఖరు 16,90,95,167, అంటే 10.20.47.255. మెషిన్లకు ఇవ్వగలిగినవి ఈ రెండూ పోగా 2,046. పుస్తకాల్లో నెట్‌వర్క్ అడ్రసు కోసం అడ్రసును, మాస్కును యాండ్ చేయమంటారు (రెండింట్లోనూ ఒకటి ఉన్న బిట్లను మాత్రమే ఉంచడం). జవాబు అదే. శేషంతో చేయడంలో లాభమేమిటంటే, ముక్క ఎక్కడ పడితే అక్కడ మొదలుకాదని లెక్కలోనే కనిపిస్తుంది. మొదటి అడ్రసు సైజుతో నిశ్శేషంగా భాగింపబడాలి. కడపకు 10.20.50.0/21 ఇద్దామని ఎవరైనా అంటే మూడో సంఖ్య 8 గుణకం కాదు, ఆ ముక్క నిజానికి 10.20.48.0 దగ్గర మొదలవుతుంది. 48, 49 ఇంకెవరికైనా ఇచ్చి ఉంటే రెండు ముక్కలూ ఒకదానిమీద ఒకటి ఎక్కుతాయి. 10.20.48.0/22 అంటే చక్కగా కుదురుతుంది: 48 నుంచి 51 దాకా, మాస్కు 255.255.252.0.

ఇంకో సంగతి. /21లో 10.20.41.255, 10.20.42.0 రెండూ మామూలు అడ్రసులే, ఏ కంప్యూటరుకైనా ఇవ్వొచ్చు. చివర 255 ఉంటే బ్రాడ్‌కాస్ట్ (అందరికీ ఒకేసారి పంపే అడ్రసు), 0 ఉంటే నెట్‌వర్క్ అనేది /24 నుంచి /30 దాకా మాత్రమే నిజం. అయితే కొన్ని పాత పరికరాలు వీటిని ఒప్పుకోవు కాబట్టి డీహెచ్‌సీపీ పూలులోంచి (కంప్యూటర్లకు వాటంతటవే పంచడానికి ఉంచిన అడ్రసులు) వాటిని తప్పించడం తప్పేమీ కాదు.

/31, /32 దగ్గర "సైజులో రెండు తీసెయ్" అనే సూత్రం తన్నుకుంటుంది. /31కి సున్నా, /32కి మైనస్ ఒకటి వస్తుంది. 2000లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 3021 ప్రకారం రెండు రౌటర్ల మధ్య లింకుకు /31 వాడితే రెండు అడ్రసులూ పనికొస్తాయి. /32 అంటే ఒకే ఒక మెషిను. ఈ రెండింటికీ స్క్రిప్టులో విడిగా షరతు పెట్టాలి. పాత పరికరం /31 ఒప్పుకోకపోతే /30 ఇవ్వడమే దారి, నాలుగు అడ్రసుల్లో రెండు వృథా అవుతాయి.

వెనక్కి మార్చడంలో ఉన్న చిక్కు

255.255.248.0 ఇచ్చి 21 రాబట్టాలి. మాస్కులో ఒక్కో సంఖ్యా ఈ తొమ్మిదింటిలో ఒకటే అయి ఉండాలి: 0, 128, 192, 224, 240, 248, 252, 254, 255. వీటిలో ఉన్న ఒకట్లు వరుసగా 0 నుంచి 8. కాబట్టి ఒక పట్టిక చాలు:

పట్టిక = {0: 0, 128: 1, 192: 2, 224: 3, 240: 4, 248: 5, 252: 6, 254: 7, 255: 8}
పట్టిక[255] + పట్టిక[255] + పట్టిక[248] + పట్టిక[0]

జవాబు 21. చాలా స్క్రిప్టులు ఇక్కడే ఆగిపోతాయి. పొరపాటున 255.248.255.0 అని రాసుంటే? 8, 5, 8, 0 కలిపినా 21 వస్తుంది. స్క్రిప్టు ఏ అనుమానమూ లేకుండా /21 అని చెప్పేస్తుంది. ఒకట్లు లెక్కపెట్టడం ఒక్కటే సరిపోదు, అవన్నీ ఎడమవైపు వరుసగా ఉన్నాయో లేదో చూడాలి. అందుకు ఒక పాత చిట్కా ఉంది:

ఖాళీ = 2 ** 32 - 1 - మాస్కు
ఖాళీ & (ఖాళీ + 1)

సున్నా వస్తే మాస్కు సరైనది. 255.255.248.0కి ఖాళీ 2,047. దానికి ఒకటి కలిపితే 2,048, రెండింటికీ ఉమ్మడి బిట్లు లేవు, సున్నా. 255.248.255.0కి 4,58,752 వస్తుంది, కనుక తిప్పి పంపాలి. చక్కని మాస్కుకు ఖాళీ ఎప్పుడూ రెండు పవర్లలో ఒకదానికి ఒకటి తక్కువ. సైజు మైనస్ ఒకటి, అంటే మన వైల్డ్‌కార్డే.

కానీ వైల్డ్‌కార్డులకు ఇదే కట్టుబాటు లేదు. సిస్కో యాక్సెస్ లిస్టులో 10.20.0.0 0.0.254.255 అని రాస్తే మూడో సంఖ్య సరిసంఖ్య అయిన అడ్రసులన్నీ అని అర్థం. వాక్యం తప్పు కాదు, స్లాష్ రాతలో మాత్రం ఒక్క ముక్కగా చెప్పలేం. అందుకని పాత కాన్ఫిగరేషన్‌ను కొత్త ఫైర్‌వాల్‌కు మార్చే స్క్రిప్టు అలాంటి లైను తగిలినప్పుడు "తప్పు" అని కొట్టేయకుండా "దీన్ని మనిషి చూడాలి" అని పక్కన పెట్టాలి.

మాస్కు పెట్టాల్సినచోట వైల్డ్‌కార్డు, వైల్డ్‌కార్డు పెట్టాల్సినచోట మాస్కు పెట్టడం అన్నిటికంటే ఖరీదైన తప్పు, ఎందుకంటే యాక్సెస్ లిస్టు దాన్ని నోరెత్తకుండా తీసుకుంటుంది. 192.168.10.0కి 0.0.0.255 బదులు 255.255.255.0 ఇచ్చారనుకోండి. మొదటి మూడు సంఖ్యలూ ఏవైనా ఫరవాలేదు, చివరిది మాత్రం 0 కావాలి అని రౌటరు అర్థం చేసుకుంటుంది. ఆఖరున 0 ఉన్న కంప్యూటరు ఏ /24లోనూ ఉండదు. లిస్టు చివర కంటికి కనిపించని డినై లైను (మిగతావన్నీ ఆపెయ్ అని) ఉంటుంది కనుక ఆఫీసంతా ఆగిపోతుంది. తప్పు చేసినాయన మాత్రం పర్మిట్ లైను కళ్లముందే ఉంది కదా అని కేబుళ్లు పీకి పెడుతూ ఉంటాడు.

పైథాన్‌తోపాటే వచ్చే ఐపీఅడ్రెస్ మాడ్యూలు, 3.3 వెర్షన్ నుంచి ఉన్నది, ఇవన్నీ చేసిపెడుతుంది. పెద్ద పనికి అదే వాడాలి, సొంత కోడ్ మీద మమకారం అక్కర్లేదు. కానీ దాని స్వభావం తెలిసుండాలి. స్లాష్ తర్వాత 255.255.248.0 ఇచ్చినా, 0.0.7.255 ఇచ్చినా అది /21గానే తీసుకుంటుంది. మొదటి సంఖ్య సున్నా అయితే వైల్డ్‌కార్డు, కాకపోతే మాస్కు అని అంచనా వేస్తుంది. 0.0.0.0 ఒక్కదానికే మినహాయింపు: దాన్ని మాస్కుగా చూసి /0 అంటుంది. వైల్డ్‌కార్డుగా అయితే 0.0.0.0 అంటే ఒకే ఒక మెషిను, /32. మొత్తం ఇంటర్నెట్టా, ఒక్క కంప్యూటరా అన్నంత తేడా. సిస్కో లిస్టులు మార్చేటప్పుడు ఈ అంచనాకు వదిలిపెట్టకూడదు, ఏ గడిలోంచి ఏ రాత వస్తుందో స్క్రిప్టుకు మనమే చెప్పాలి. ఇంకొకటి, 10.20.45.200/21ని నెట్‌వర్కుగా ఇస్తే ఆ మాడ్యూలు ఎర్రర్ వేస్తుంది, ముక్క మొదలు అది కాదు కాబట్టి. స్ట్రిక్ట్ అనే ఆప్షన్ ఆపితే 10.20.40.0కి సర్దుకుంటుంది. రూట్ల లిస్టు తనిఖీ చేసేటప్పుడు ఆపకండి, ఆ ఎర్రరే మనకు కావలసింది.

ఇన్‌పుట్ ఎక్కడ మోసం చేస్తుంది

ముందు సున్నాలు. కెమెరాల రికార్డర్లు కొన్ని 010.020.040.011 అని చూపిస్తాయి. వరసలో పొందికగా ఉంటుందని అదే ఎక్సెల్ షీటులోకి ఎక్కిస్తారు. సీ భాష లైబ్రరీని నమ్ముకున్న ప్రోగ్రాములు చాలావరకు ముందు సున్నా ఉన్న సంఖ్యను ఆక్టల్‌గా, అంటే ఎనిమిది మూలంగా చదువుతాయి. 010 అంటే 8, 020 అంటే 16, 040 అంటే 32, 011 అంటే 9. రికార్డర్ చూపించినది 10.20.40.11, ప్రోగ్రాము వెతికేది 8.16.32.9, అది బయటి ఇంటర్నెట్‌లో ఎవరిదో అడ్రసు. 008 అయితే ఎనిమిది మూలంలో 8 అనే అంకే లేదు కనుక ఎర్రర్. ఈ గందరగోళం భద్రతా లోపంగా నమోదయ్యాక పైథాన్ 3.9.5 నుంచి ఐపీఅడ్రెస్ మాడ్యూలు ముందు సున్నాలను అసలు ఒప్పుకోవడం మానేసింది. మన స్క్రిప్టు కూడా ఆపి అడగాలే గానీ సున్నాలను తానే ఊడబీకకూడదు. రాసినవాళ్ల మనసులో ఏముందో దానికి తెలియదు.

పైన చెప్పిన సీ భాష లైబ్రరీ 10.1 అని ఇస్తే 10.0.0.1గా తీసుకుంటుంది. కాబట్టి చుక్కలు సరిగ్గా మూడు ఉన్నాయా, ప్రతి ముక్కా 0 నుంచి 255 లోపేనా అని ముందే చూడాలి.

ప్రిఫిక్స్ హద్దులూ చూడాలి. 33 ఇస్తే పైన రాసిన పైథాన్ లైను వెంటనే ఎర్రర్ వేయదు. 2 పవర్ మైనస్ 1 కదా, సైజు 0.5 అవుతుంది, మాస్కు 4294967295.5 అవుతుంది, తర్వాత బిట్లు జరిపే లైను దగ్గర ఎక్కడో కూలుతుంది. ఎర్రర్ కనిపించే చోటు, తప్పు జరిగిన చోటు వేరువేరు. 0 కంటే తక్కువ, 32 కంటే ఎక్కువ అయితే మొదటి లైనులోనే ఆపేయాలి.

జావాస్క్రిప్టులో రాసేవాళ్లకు అవతలి కొసన గుంత ఉంది. అక్కడ బిట్లు జరిపే లెక్క 32 బిట్లలో, మైనస్ గుర్తుతో సహా నడుస్తుంది. 32 స్థానాలు జరపమంటే 0 స్థానాలు జరిపినట్టే. అందుకే /0కి 0.0.0.0 రావాల్సింది 255.255.255.255 వస్తుంది, డిఫాల్ట్ రూటు కాస్తా ఒక్క మెషిను రూటు అవుతుంది. సీలో 32 బిట్ల సంఖ్యను 32 జరిపితే ఫలితానికి హామీయే లేదు. తీసివేతతో రాసిన సూత్రం /0 దగ్గర కూడా తిన్నగా సున్నా ఇస్తుంది, దాన్ని ముందు పెట్టడానికి ఇదొక కారణం. పైథాన్‌లో బిట్లు తిరగేసే టిల్డా గుర్తు వాడితే వైల్డ్‌కార్డు బదులు మైనస్ సంఖ్య వస్తుంది, ఎందుకంటే పైథాన్ సంఖ్యకు 32 బిట్ల హద్దు లేదు.

లినక్స్ కెర్నెల్ రూటు పట్టికను ప్రాక్ ఫైలులోంచి (కెర్నెల్ తన లోపలి వివరాలు చూపించే ఫైలు) చదివేవాళ్లకు ఇంకో వింత. మామూలు ఇంటెల్ మెషిన్ల మీద అక్కడ సంఖ్యలు బైట్లు తిరగబడి పదహారు మూలంలో ఉంటాయి. 255.255.248.0 అక్కడ చివరినుంచి మొదటికి రాసినట్టు 0, 248, 255, 255 వరసలో కనబడుతుంది. నాలుగు బైట్లనూ తిరగేశాకే లెక్క మొదలుపెట్టాలి.

వాట్సాప్‌లోంచో పీడీఎఫ్‌లోంచో కాపీ చేసిన లిస్టుల్లో మామూలు హైఫన్ బదులు పొడుగు గీత, మామూలు స్పేసు బదులు విడిపోని స్పేసు ఉంటాయి. కంటికి తేడా తెలియదు. స్క్రిప్టు ఒప్పుకోని అక్షరం దొరికినప్పుడు దాని కోడ్ నంబరుతో సహా ఎర్రరులో చూపిస్తే వెతుకులాట తప్పుతుంది.

తప్పు మాస్కు ఎలా బయటపడుతుంది

పైన వదిలేసిన 255.0.0.0 సంగతి. తాడిపత్రిలో ప్రింటరు షేర్ చేసిన కంప్యూటరులో ఆ మాస్కు అలాగే ఉండిపోయింది. తాడిపత్రిలో అందరూ దానికి ప్రింట్ ఇస్తారు, ఏ ఇబ్బందీ లేదు. ఇంటర్నెట్ కూడా నడుస్తుంది. కడప నుంచి మాత్రం రాదు. కడప కంప్యూటరు పంపిన ప్యాకెట్టు రౌటర్ల మీదుగా తాడిపత్రి చేరుతుంది. జవాబు పంపాల్సిన కంప్యూటరుకు 10తో మొదలయ్యే అడ్రసులన్నీ తన గదిలోవే అనిపిస్తాయి. గేట్‌వేకు (బయటికి దారి అయిన రౌటరుకు) ఇవ్వకుండా 10.20.48.15 ఎవరు అని తన నెట్‌వర్కులోనే ఆర్ప్ కేక పెడుతుంది, పలికేవాళ్లుండరు. రౌటరులో ప్రాక్సీ ఆర్ప్ ఆన్ చేసి ఉంటే రౌటరే పలికి పని నడిపించేస్తుంది, అప్పుడు ఆ తప్పు రౌటరు మార్చిన రోజు దాకా బయటపడదు.

మాస్కు మరీ చిన్నదైతే లక్షణం వేరు. 10.20.45.200 మెషినుకు 255.255.255.0 పెట్టి గేట్‌వే 10.20.40.1 ఇస్తే, గేట్‌వే తన ముక్కలోనే లేదు. విండోస్ హెచ్చరిక చూపిస్తుంది, చాలామంది దాన్ని చదవకుండానే ఓకే నొక్కేస్తారు.

మొదలు, ఆఖరు ఇచ్చినప్పుడు

రేంజును స్లాష్ రాతలోకి మార్చడం మిగిలినవాటికంటే కొంచెం పెద్ద పని, ఎందుకంటే జవాబు ఒక్కటే కాకపోవచ్చు. 192.168.10.10 నుంచి 192.168.10.20 దాకా పదకొండు అడ్రసులు. ఇవి ఒక్క ముక్కలో పట్టవు. పద్ధతి ఇది: మొదలు సంఖ్యను నిశ్శేషంగా భాగించే రెండు పవర్లలో పెద్దది ఎంతో చూడండి, పైథాన్‌లో మొదలు & -మొదలు అంటే వస్తుంది. 10కి అది 2. మిగిలిన అడ్రసులు అంతకంటే తక్కువైతే, వాటిలో పట్టేదాకా దాన్ని సగం చేస్తూ పోండి. ఆ ముక్క రాసుకుని మొదలును అంత ముందుకు జరపండి. 10 దగ్గర /31, 12 దగ్గర /30. 16 దగ్గర పదహారు పట్టేది, కానీ మిగిలినవి ఐదే కనుక సగాలు చేస్తూ నాలుగుకు దిగాలి, అంటే /30. చివర 20 ఒక్కటే /32. మొత్తం నాలుగు లైన్లు. 0.0.0.0 నుంచి మొదలైతే ఆ సూత్రం సున్నా ఇస్తుంది, అక్కడ 2 పవర్ 32 నుంచి దిగడం మొదలుపెట్టాలి.

ఈ నాలుగు లైన్లు చూశాక డీహెచ్‌సీపీ పూలు 10 నుంచి 20 బదులు 16 నుంచి 31 పెట్టుకుంటే ఫైర్‌వాల్‌లో 192.168.10.16/28 అని ఒక్క లైనుతో పోయేదని తెలుస్తుంది. అడ్రసులు పంచేటప్పుడే రెండు పవర్ల హద్దుల మీద పంచాలి, కెమెరాలకు ఒక /27, ప్రింటర్లకు ఒక /28 అన్నట్టు.

పరీక్ష పెట్టడం సులువు. 0 నుంచి 32 దాకా ప్రిఫిక్సులు 33 మాత్రమే. అన్నిటినీ మాస్కులుగా మార్చి, మళ్లీ వెనక్కి మార్చి, మొదటి సంఖ్యే వచ్చిందా చూడాలి. పక్కన తెలిసిన జవాబులు కొన్ని పెట్టుకోవాలి: 172.16.0.0/12కి మాస్కు 255.240.0.0, ఆఖరు 172.31.255.255. 172తో మొదలయ్యేవన్నీ ప్రైవేటువే అనుకునేవాళ్లకు ఈ లైను అవసరం కూడా. 100.64.0.0/10కి మాస్కు 255.192.0.0, ఆఖరు 100.127.255.255. మీ రౌటరు వాన్ అడ్రసు (బయటివైపు అడ్రసు) ఇందులో ఉంటే కనెక్షన్ ఇచ్చినవాళ్లు చాలామందిని ఒకే పబ్లిక్ అడ్రసు వెనక పెట్టారని, ఇంట్లోంచి కెమెరా చూసుకోవడానికి పోర్టు ఫార్వర్డింగ్ పనిచేయదని అర్థం. తిప్పి పంపాల్సినవి కూడా పరీక్షలో ఉండాలి: 255.248.255.0, 10.20.040.11, /33, మూడు చుక్కలు లేని అడ్రసు. ఐపీవీ6కి ఇదే లెక్క 32 బదులు 128తో నడుస్తుంది, చుక్కల మాస్కు అక్కడ లేదు. పైథాన్‌కు పెద్ద సంఖ్యలు అలవాటే, జావాస్క్రిప్టులో అయితే బిగ్‌ఇంట్ వాడాలి.